మెడలో చెక్కబిళ్ళ

మా నాయనమ్మకి ఒక ఊతపదం ఉండేది. నేను ఇంటర్‌కి హాస్టల్‌కి పోతూ ఏడుస్తుంటే "ఏంట్రా ద్వీపాంతరం పంపేస్తున్నట్టు ఆ ఏడుపు" అని కసిరింది. ద్వీపాంతరం అంటే ఏంటో నాకు తెలీదు, ఆవిడకి మాత్రం తెలుసా అంటే డౌటే, పోతే తిరిగిరాని చోటు అని అంతే. మొన్న డిసెంబర్లో ఫ్యామిలీతో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వెళ్ళినప్పుడు (2024 నుంచి శ్రీ విజయపురం గానీ మాకు తగిలిన ఆటోవాళ్ళంతా పాతపేరే అన్నారు) ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. బ్రిటిష్ వాళ్ళు ఖైదీల్ని ద్వీపాంతరం పంపింది ఆ దీవులకే.

సెల్యులార్ జైలు అందరూ చూసేదే, మేమూ చూశాం. 693 గదులు, ఒక్కోటి 13.5 అడుగుల పొడవు, 7.5 అడుగుల వెడల్పు, చెయ్యి అందనంత ఎత్తులో ఒక చిన్న వెంటిలేటర్. దాని గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు కాబట్టి నేను మళ్ళీ రాయను. అక్కడ ఉన్నంతసేపూ, వచ్చాక దొరికినవన్నీ చదువుతున్నంతసేపూ నా బుర్రలో తిరిగింది మాత్రం ఒక చెక్కబిళ్ళ.

కొత్తగా వచ్చిన ఖైదీ మెడకి ఒక ఇనుప కడియం వేసేవాళ్ళు, దానికి ఒక చెక్కబిళ్ళ వేలాడుతుండేది. దాని మీద నంబరు, ఏ సెక్షన్ కింద శిక్ష పడింది, ఎప్పుడు పడింది, ఎప్పుడు వదుల్తారు, ఇవన్నీ. 302 (హత్య సెక్షన్) అని గుండెల మీద ఊగుతుంటే ఇంక "నువ్వేం చేసొచ్చావ్" అని ఎవరూ అడగక్కర్లేదు కదా. తిన్నా పడుకున్నా అది మెడలోనే. సావర్కర్‌కి 1910లో శిక్ష పడితే ఆయన బిళ్ళ మీద విడుదల 1960 అని ఉంది. ఆ తేదీని రోజూ మెడలో మోస్తూ తిరగడం ఊహించండి, మన ఫోన్లో ఇఎమ్ఐ రిమైండర్ వస్తేనే మనకి నిద్ర పట్టదు.

నాకు అసలు తెలీని విషయం ఏంటంటే, కాలాపానీ అంటే ఆ జైలే అనుకున్నా ఇన్నాళ్ళూ. కాదు, ఆ దీవుల్లో వేసే శిక్ష మొత్తానికీ ఆ పేరు. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906కి పూర్తయింది. మొదటి 200 మంది ఖైదీలు దిగింది 1858 మార్చి 10న, సిపాయిల తిరుగుబాటు తర్వాత. అంటే దాదాపు యాభై ఏళ్ళు అంత పెద్ద జైలు లేకుండానే నడిచింది, చుట్టూ సముద్రమే గోడ. వాళ్ళ చేతనే అడవి కొట్టించారు, వాళ్ళుండే పాకలు వాళ్ళే వేసుకున్నారు. జ్వరాలతో పోయినవాళ్ళు కొందరైతే, ఇటు నడుచుకుంటూ పోతే బర్మా వచ్చేస్తుందని నమ్మి పారిపోయినవాళ్ళు కొందరు. అది దీవి అని కూడా పాపం తెలీదు. పారిపోయి దొరికినవాళ్ళలో 80 మందికి పైగా ఒకేరోజు ఉరి తీయించాడు వాకర్ అనే సూపరింటెండెంట్, ఆగ్రా జైలు అధికారిగా చేసొచ్చిన డాక్టరు ఆయన!

పారిపోయినవాళ్ళలో ఒకడి కథ మాత్రం వదల్లేను. దూధ్‌నాథ్ తివారీ, ఖైదీ నంబర్ 276, తిరుగుబాటు చేసిన సిపాయి. వచ్చిన కొద్దివారాలకే ఓ గుంపుతో పారిపోయాడు, అడవిలో అండమానీ తెగవాళ్ళ బాణాలకి తోటివాళ్ళు పోయారు, గాయాలతో పడున్న ఇతన్ని మాత్రం ఎందుకో చంపకుండా తమలో కలుపుకున్నారు. ఏడాది పైన వాళ్ళతోనే ఉన్నాడు, వాళ్ళ భాష నేర్చాడు, వాళ్ళ అమ్మాయిల్నే పెళ్ళాడాడు. 1859 మేలో ఆ తెగలన్నీ కలిసి అబర్డీన్ (పోర్ట్ బ్లెయిర్‌లో ఇంగ్లీషువాళ్ళ స్థావరం) మీద దాడికి బయల్దేరితే, ఇతను ముందే పరిగెత్తుకొచ్చి ఇంగ్లీషువాళ్ళకి చెప్పేశాడు. దానికి బదులుగా క్షమాభిక్ష, ఇంటికి పంపేశారు. విల్లంబులతో వచ్చినవాళ్ళు తుపాకుల ముందు పడిపోయారు. ఇతన్ని ద్రోహి అనాలా, ఇల్లు చేరాలని తపించిన మనిషి అనాలా, నాకైతే తేలలేదు. మా ఆవిడ మాత్రం ఒక్క సెకన్లో తేల్చేసింది, "మరి ఆ అమ్మాయిల సంగతి?" అని.

సరే, మామూలు ఖైదీ బతుకు ఎలా నడిచేదో చెప్తా, ఎందుకంటే అది ఎవరూ చెప్పరు. జైలు కట్టాక వచ్చినవాడు మొదటి ఆర్నెల్లు ఆ సెల్లులో ఒంటరిగా ఉండాలి, తర్వాత ఏడాదిన్నర నలుగురితో కలిసి వేరే జైల్లో, ఆ తర్వాత మూడేళ్ళు పగలంతా బయట చాకిరీ, రాత్రికి బ్యారక్‌లో తాళం, పైసా ఇవ్వరు. ఇంకో ఐదేళ్ళు అదే పని కానీ ఏవో చిల్లర డబ్బులు చేతికొస్తాయి, బుద్ధిగా ఉంటే మిగతా ఖైదీల మీద పెత్తనం కూడా ఇస్తారు. ఆ పెత్తనం చేసే ఖైదీల్లో టిండాల్ అని ఒక పదవి ఉంది, అది మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల "తండేల్" మాటేనని తెలిసి భలే ఆశ్చర్యం వేసింది. పడవ నడిపించే పెద్ద దిక్కుకి ఉన్న పేరు, అక్కడ కర్ర పట్టుకుని తోటి ఖైదీని తోలేవాడికి వచ్చి చేరింది.

జైలు లోపల పనుల్లో అందరూ భయపడేది గానుగకే. ఎద్దు తిరగాల్సిన చోట మనిషి. రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తియ్యాలి, అంటే పదమూడు కేజీల పైనే. సాయంత్రానికి తూకం తగ్గిందా, తిట్లు, దెబ్బలు, నిలబెట్టి చేతులకి సంకెళ్ళు. లేదంటే కొబ్బరి పీచు దంచడం, అరచేతులు పచ్చి పుళ్ళు.

పదేళ్ళు ఇలా గడిస్తే అప్పుడు ఒక టికెట్ ఇచ్చేవాళ్ళు, సెల్ఫ్ సపోర్టర్ అని. ఊళ్ళో ఉండొచ్చు, పొలం చేసుకోవచ్చు, గేదెల్ని పెట్టుకోవచ్చు, ఇంటినుంచి పెళ్ళాం పిల్లల్ని పిలిపించుకోవచ్చు. దీవి మాత్రం దాటకూడదు. అయితే సముద్రం దాటితే కులం పోతుందనుకునే రోజులు, పదేళ్ళ కింద పోయాడనుకున్న మొగుడి కోసం ఓడెక్కేది ఎంతమంది? అందుకే అక్కడే, శిక్షపడి వచ్చిన ఆడఖైదీల్నే పెళ్ళి చేసుకునేవాళ్ళు. ఆడవాళ్ళకైతే ఐదేళ్ళు గడిస్తే పెళ్ళికి పర్మిషన్. ఒకడిది పంజాబ్, ఆమెది ఇంకెక్కడో, కులం వేరు, భాష వేరు, ఇద్దరికీ మధ్య వచ్చీరాని హిందుస్తానీ. మన దగ్గర 2025లో కూడా పరువు పేరుతో చంపుకుంటున్న పెళ్ళిళ్ళు అక్కడ సర్కారు స్టాంపు వేసి చేసింది, పైగా నేరస్థులకి.

ఇంకో వింత, 1890లో లైల్, లెత్‌బ్రిడ్జ్ అని ఇద్దరు అధికారులు వచ్చి చూసి, ఇండియాలోని జైళ్ళ కన్నా అండమానే నయమని ఖైదీలు కోరుకుంటున్నారు, భయం పోయింది అని రిపోర్టు రాశారు. ఆ భయం మళ్ళీ పుట్టించడానికే సెల్లులు కట్టింది. మన రంప మన్యం నుంచి అల్లూరి అనుచరుల్ని పంపేనాటికి అవి నిండా నడుస్తున్నాయి.

మేం దిగిన గెస్ట్‌హౌస్ ఓనర్ "లోకల్ బార్న్", అంటే ఆ ఖైదీల వారసులు. ఆయనతో వచ్చీరాని హిందీలో మాట్లాడుతూ, కాస్త మొహమాటంగానే, మీ పెద్దాయన ఏ కేసులో వచ్చారండీ అని అడిగేశా. నవ్వాడు. "తెలీదు సాబ్, మా తాత కూడా వాళ్ళ నాన్నని అడగలేదంట, ఇక్కడ అలా అడగరు." తర్వాత టీ తాగుతూ ఆయనే చెప్పాడు, 1942లో జపాన్ వాళ్ళు ఆ దీవుల్ని ఆక్రమించకముందు నుంచీ ఉన్న కుటుంబాలని ఇప్పుడు ఓబీసీల్లో చేర్చారు, ప్రీ ఫార్టీటూ అంటారు, కూతురు కాలేజీ సీటు కోసం ఆ సర్టిఫికెట్ తీయించాడట. చూస్తారా అని లోపలికెళ్ళి తెచ్చాడు, లామినేషన్ చేయించి పెట్టాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, కింద ఒక నంబరు.