స్పైన్ సర్జన్ ఎగ్జామినర్‌గా ఉంటే: ఆర్థో ఫైనల్స్‌లో వెన్నెముక కేసుకు ఎలా ప్రిపేర్ కావాలి

రెసిడెన్సీ ప్రోగ్రామ్‌ను నడిపేది స్పైన్ సర్జన్ అయితే, ఫైనల్ పరీక్షలో వెన్నెముక కేసు దగ్గర ప్రశ్నలు ఒక దారిలోనే నడుస్తాయి. వాళ్లు ముఖ్యంగా రెండు సంగతులు తేల్చుకోవాలనుకుంటారు. ఈ అభ్యర్థి లెవెల్ (వెన్నెముకలో జబ్బు ఉన్న చోటు) సరిగ్గా పట్టగలరా? రాత్రి 2 గంటలకు ఎమర్జెన్సీలో ఒక్కరినే వదిలితే పేషెంట్‌కి ప్రమాదం లేకుండా చూసుకోగలరా? క్లాసిఫికేషన్లు ఎన్ని వచ్చన్నది ఆ తర్వాతి మాట. చాలామంది ప్రిపరేషన్ మాత్రం దీనికి తలకిందులుగా సాగుతుంది. నెల రోజులు క్లాసిఫికేషన్లు బట్టీ పడతారు, బొటనవేలి బలం చూడటం పరీక్ష ముందు రోజు రూమ్‌మేట్ మీద ఒక్కసారి చేసి వదిలేస్తారు.

ముందు లెవెల్ సంగతి. "ఎడమ కాలు బలహీనంగా ఉంది, ఎంఆర్ఐలో ఎల్4-5 డిస్క్ ఉంది" అని మొదలుపెడితే కేసు చేజారినట్టే. (సీ అంటే మెడ, టీ ఛాతీ, ఎల్ నడుము, ఎస్ దాని కింది సేక్రమ్; అంకె పూస లేదా నరం వరుస.) ఫిల్మ్ చేతికి రాకముందే ఏ రూటో (వెన్నుపాము నుంచి బయటికి వచ్చే నరం మొదలు) మీ నోటి నుంచి రావాలి. ఫుట్ డ్రాప్ కేసునే తీసుకోండి. పాదం పైకి లేవడం లేదంటే అది ఎల్5 రూట్ కావచ్చు, మోకాలి పక్కన కామన్ పెరోనియల్ నర్వ్ కావచ్చు. తేడా తేల్చేవి రెండు కండరాలు: తుంటిని పక్కకు లేపే గ్లూటియస్ మీడియస్, పాదాన్ని లోపలికి తిప్పే టిబియాలిస్ పోస్టీరియర్. ఈ రెండూ ఎల్5 సరఫరాలోనివే, కానీ పెరోనియల్ నర్వ్ వీటికి వెళ్లదు. ఇవి కూడా బలహీనపడితే సమస్య నడుములో ఉంది. బాగుంటే ఫిబ్యులా మెడ దగ్గర వేలితో తట్టి చూడండి. ఈ రెండు కండరాలు చూడకుండా "ఎల్5 రాడిక్యులోపతీ" అన్నవారిని స్పైన్ సర్జన్ తర్వాతి ప్రశ్నలోనే నిలదీస్తారు.

తర్వాత డిస్క్‌కీ రూట్‌కీ లెక్క. ఎల్4-5లో డిస్క్ పారాసెంట్రల్‌గా (మధ్యకు కాస్త పక్కగా) జారితే దెబ్బతినేది కిందికి దిగే ఎల్5. అదే లెవెల్లో ఫార్ లేటరల్‌గా (బాగా బయటి పక్కకు) జారితే బయటికి వెళ్లే ఎల్4. మెడలో లెక్క వేరు: సీ5-6 డిస్క్ నొక్కేది సీ6 రూట్‌ను, ఎందుకంటే అక్కడ రూట్లు 8, వెన్నుపూసలు 7. దీన్ని బట్టీ పట్టకుండా కాగితం మీద పెడికల్, డిస్క్, రూట్ గీసి చూపడం నేర్చుకోండి. గీసి చెప్పినవారిని మళ్లీ అదే ప్రశ్న అడగరు.

ఎస్1 బలాన్ని చేత్తో నొక్కి చూడటం ఇంకో పొరపాటు. పిక్క కండరం ఎంత బలమైనదంటే, సగం తగ్గినా మీ చేతికి 5 (0-5 కొలతలో పూర్తి బలం) అనే అనిపిస్తుంది. పేషెంట్‌ను ఒంటి కాలి మీద నిలబెట్టి మడమ పదిసార్లు లేపించండి. రెండో వైపుతో పోల్చితే తేడా తెలిసిపోతుంది. స్ట్రెయిట్ లెగ్ రైజింగ్‌లో నొప్పి ఎన్ని డిగ్రీల దగ్గర వచ్చిందో, మోకాలి కిందికి పాకిందో లేదో చెప్పాలి. 70 డిగ్రీలు దాటాక తొడ వెనక లాగితే అది హ్యామ్‌స్ట్రింగ్. నొప్పి లేని కాలు లేపినప్పుడు రెండో కాల్లో నొప్పి వస్తే డిస్క్ జారిందనడానికి అది గట్టి సూచన.

నడుము నొప్పితో వచ్చిన పేషెంట్ చేతులు కూడా చూడండి. ఇది చూసేవాళ్లు తక్కువ, అందుకే మార్కులు ఎక్కువ. కాళ్లలో రిఫ్లెక్సులు చురుగ్గా ఉంటే నడుము ఎంఆర్ఐ ఎంత చెడ్డగా కనిపించినా అసలు జబ్బు పైన, వెన్నుపాములో ఉన్నట్టే. హాఫ్‌మన్ సైన్, ఇన్వర్టెడ్ రేడియల్ రిఫ్లెక్స్, చిటికెన వేలు పక్కకు జారిపోయే ఫింగర్ ఎస్కేప్, మడమ-మునివేళ్లు ఆనించి నడిపించడం: ఇవన్నీ కలిపి 2 నిమిషాలు పట్టవు. పిడికిలి బిగించి తెరవడం 10 సెకన్లలో 20 సార్లకు తగ్గితే రాసుకోండి. మెడలో వెన్నుపాము ఒత్తిడి తీవ్రత చెప్పడానికి ఎంజేఓఏ స్కోర్ వాడండి: మొత్తం 18, 15 నుంచి 17 వరకు స్వల్పం, 12 నుంచి 14 వరకు మధ్యస్థం, 11 లేదా తక్కువ తీవ్రం.

ఇక ఏషియా చార్ట్, అంటే వెన్నుపాము గాయాన్ని ఏ (పూర్తి గాయం) నుంచి ఈ (మామూలు) దాకా గ్రేడ్ చేసే పట్టిక. దీని మీద ఎంత సమయం పెట్టినా దండగ కాదు. ఒక్కో వైపు 10 కండరాల చొప్పున లెక్క, మొత్తం మోటార్ స్కోర్ 100. ఒక్కో వైపు 28 డెర్మటోములు (ఒక్కో నరం స్పర్శ అందించే చర్మ భాగాలు), స్పర్శకూ సూది పోటుకూ విడివిడిగా 0, 1, 2. సూది పోటును పోల్చడానికి చెంప మీద చూడాలి, పేషెంట్ భుజం మీద కాదు. మొద్దుగా, పదునుగా అన్న తేడా తెలియకపోతే అది 0. "ఏదో తగులుతోంది" అన్నంత మాత్రాన 1 ఇవ్వకూడదు.

ఒక కేసు చేతితో లెక్కవేద్దాం. ఎల్1 బర్స్ట్ ఫ్రాక్చర్. రెండు వైపులా స్పర్శ, సూది పోటు టీ12 వరకు మామూలుగా ఉన్నాయి. తుంటి మడిచే బలం 2, మోకాలు చాపడం 2, పాదం పైకి 3, బొటనవేలు పైకి 3, పాదం కిందికి 3. రెండు వైపులా ఇంతే. మలద్వారం దగ్గర స్పర్శ ఉంది, అడిగినప్పుడు బిగించగలుగుతున్నారు. ఎల్1కి పరీక్షించే కండరం లేదు కాబట్టి అక్కడ మోటార్ లెవెల్ స్పర్శ లెవెల్‌నే అనుసరిస్తుంది. అందువల్ల న్యూరలాజికల్ లెవెల్ టీ12. దాని కింద ఉన్న 10 కండరాల్లో 3 లేదా ఎక్కువ వచ్చినవి 6. సగం కంటే తక్కువ కాదు, కనుక గ్రేడ్ డి. ఇదే పేషెంట్‌కి పాదం పైకి లేపే బలం రెండు వైపులా 3 బదులు 2 ఉంటే 10లో 4 మాత్రమే మిగులుతాయి, గ్రేడ్ సీ అవుతుంది. ఒక్క కండరం తప్పుగా గ్రేడ్ చేస్తే గ్రేడే మారిపోతుందన్నమాట. అందుకే ఎగ్జామినర్ మీ నోటి వైపు కాకుండా మీరు చెయ్యి పెట్టిన చోటు చూస్తుంటారు.

మలద్వార పరీక్ష చేయకుండా "కంప్లీట్ ఇంజరీ" అనే మాట ఎత్తవద్దు. ఎస్4-5 దగ్గర స్పర్శ, సూది పోటు, లోపల వేలి ఒత్తిడి తెలియడం, స్వయంగా బిగించడం: నాలుగూ లేకపోతేనే గ్రేడ్ ఏ. స్పైనల్ షాక్ (దెబ్బ తగిలాక వెన్నుపాము తాత్కాలికంగా మొద్దుబారడం) ముగిసిందా అని అడిగితే బల్బోకావర్నోసస్ రిఫ్లెక్స్ (జననాంగాన్ని నొక్కితే మలద్వారం బిగుసుకోవడం) తిరిగి రావడం చెబుతాం, సరే. కానీ దెబ్బ కోనస్‌కే (వెన్నుపాము కింది కొసకే) తగిలితే ఆ రిఫ్లెక్స్ ఎప్పటికీ రాకపోవచ్చు. దాన్ని షాక్ అనుకుని ఎదురుచూడటం తప్పు. పైన చెప్పిన ఎల్1 కేసులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

అదే కేసును వాక్కారో బృందం 2005లో ఇచ్చిన టీఎల్ఐసీఎస్‌లోకి (ఛాతీ-నడుము ఫ్రాక్చర్‌కు ఆపరేషన్ కావాలో తేల్చే స్కోర్) తీసుకెళ్లండి. బర్స్ట్‌కు 2, ఇన్‌కంప్లీట్ దెబ్బకు 3, వెనక లిగమెంట్ల మీద అనుమానానికి 2. మొత్తం 7. 5 లేదా ఎక్కువైతే ఆపరేషన్, 3 లేదా తక్కువైతే ఆపరేషన్ లేకుండా, 4 అయితే సర్జన్ నిర్ణయం. అంకెలు కూడటం ఎవరైనా చేస్తారు. పట్టుబడేది వెనక లిగమెంట్ల దగ్గర: "అనుమానం అని ఎందుకన్నారు, ఫిల్మ్‌లో చూపించండి." సీటీలో స్పైనస్ ప్రాసెస్‌ల మధ్య ఖాళీ పెరిగిందా, ఫేసెట్ విడిపోయిందా, ఎంఆర్ఐలో లిగమెంట్ నల్లటి గీత తెగిందా, స్టిర్ సీక్వెన్స్‌లో (కొవ్వును అణచి వాపును తెల్లగా చూపే ఎంఆర్ఐ చిత్రం) అక్కడ తెల్లగా మెరుస్తోందా. మెరుపు ఒక్కటే ఉండి గీత తెగకపోతే అది వాపు మాత్రమే కావచ్చు. ఈ వాక్యం మీ అంతట మీరే చెబితే ఎగ్జామినర్‌కి నమ్మకం కుదురుతుంది.

ఫిల్మ్ చేతికిస్తే మొదట అది సరిపోతుందో లేదో చెప్పండి. మెడ లేటరల్‌లో సీ7-టీ1 కనిపించకపోతే ఆ ఫిల్మ్‌తో మెడ బాగుందని చెప్పలేం. అట్లాంటో-డెన్స్ ఎడం (మెడలోని మొదటి, రెండో పూసల మధ్య ముందు ఖాళీ) పెద్దల్లో 3 మిల్లీమీటర్లు, పిల్లల్లో 5 దాటకూడదు. నడుము ఫిల్మ్‌లో పూసలు లెక్కపెట్టండి, పైకి వినిపించేలా. చివరి పూస సేక్రమ్‌తో కలిసిపోయి ఉంటే, లేదా ఎస్1 విడిగా ఉంటే లెక్క ఒకటి తప్పుతుంది. అప్పుడు మొత్తం వెన్నెముక స్కౌట్ ఫిల్మ్‌లో సీ2 నుంచి కిందికి లెక్కించాలి. ప్రోగ్రామ్ హెడ్‌లు దీని దగ్గర కఠినంగా ఉంటారు, న్యాయమే. తప్పు లెవెల్లో కోసిన ఆపరేషన్‌కి సమాధానం ఉండదు. థియేటర్‌లో గుర్తు చర్మం మీది సూది కాకుండా ఎముకను పట్టుకున్న క్లాంప్ లేదా పెడికల్‌లో పెట్టిన మార్కర్ అయి ఉండాలి. సీ-ఆర్మ్ చిత్రం ఎముక తీయడానికి ముందే తీసి భద్రపరచాలి.

పెడికల్ స్క్రూ వైవాలో నడుము ఎంట్రీ పాయింట్ అందరూ చెబుతారు: ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ మధ్య గీత, సుపీరియర్ ఫేసెట్ బయటి అంచు, పార్స్ కలిసే చోటు. ఛాతీ భాగంలో గేర్‌షిఫ్ట్ ప్రోబ్‌ను మొదట వంపు బయటికి ఉండేలా 20 మిల్లీమీటర్ల దాకా దించి, తర్వాత బయటికి తీసి వంపును లోపలికి తిప్పి ముందుకు పంపుతారు. ఎందుకని అడుగుతారు: మొదటి 20 మిల్లీమీటర్లలోనే లోపలి పక్కన వెన్నుపాము ఉంటుంది, అది దాటాక ప్రోబ్ పూస శరీరంలోకి చేరుతుంది. ఛాతీ పెడికల్‌కు లోపలి గోడ మందం, బయటి గోడ పలచన, అందుకే చాలాసార్లు బయటికే చీలుతుంది. బాల్-టిప్ ఫీలర్‌తో నాలుగు గోడలూ, అడుగూ తడిమాకే ట్యాప్. తడమకుండా స్క్రూ వేస్తానన్న అభ్యర్థికి ఎక్కడా మార్కులు పడవు.

స్కోలియోసిస్‌కు (వెన్నెముక పక్కకు వంగడం) పరిమిత సమయం పెట్టినా సరిపోతుంది. 10 డిగ్రీల కాబ్ కోణంతో (ఎక్స్‌రేలో వంపు కొలత) జబ్బు మొదలు. కొలతలో 5 డిగ్రీల తేడా సహజం, కనుక అంతకు మించి పెరిగితేనే పెరిగిందనాలి. ఎదిగే వయసులో 25 నుంచి 40 దాకా బ్రేస్, 45-50 దాటితే ఆపరేషన్ చర్చ. బ్రేస్ పనిచేస్తుందా అంటే 2013లో వచ్చిన బ్రెయిస్ట్ అధ్యయనం చెప్పండి: బ్రేస్ వేసినవారిలో 72 శాతం, వేయనివారిలో 48 శాతం 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల ముగించారు. ఎన్ని గంటలు తొడిగితే అంత ఫలితం అన్నదీ అందులోనే తేలింది.

రెండో సంగతి, ప్రమాదం లేకుండా చూసుకోవడం. "ఏం చేస్తారు?" అని ఎగ్జామినర్ అడిగినప్పుడు ఆపరేషన్ పేరు కాకుండా వరుస చెప్పాలి. నడుము నొప్పి, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం సరిగ్గా రాకపోవడం: మూత్రానికి వెళ్లి వచ్చాక బ్లాడర్ స్కాన్ చేయండి. 200 మిల్లీలీటర్లకు పైగా మిగిలితే కాడా ఈక్వైనా (నడుములోని నరాల కట్ట నొక్కుకుపోవడం) అనుమానం బలపడుతుంది, ఎంఆర్ఐ వెంటనే, రేపటికి కాదు. మెడ ముందు నుంచి ఆపరేషన్ అయిన రాత్రి పేషెంట్ ఊపిరాడక లేచి కూర్చుంటే స్కాన్‌కు పంపవద్దు. మంచం దగ్గరే కుట్లు లోతు పొర దాకా విప్పి రక్తం గడ్డ బయటికి రానివ్వాలి. అనస్థీషియాకు, సీనియర్‌కు కబురు అదే క్షణంలో వెళ్లాలి. డ్యూరా (వెన్నుపాము, నరాల చుట్టూ ఉండే పొర) చినిగితే చీలిక మీద సక్షన్ పెట్టకుండా కాటనాయిడ్ (దూది పట్టీ) కప్పండి, చీలిక రెండు కొసలూ కనిపించేలా ఎముక తీయండి, 5-0 లేదా 6-0 దారంతో కుట్టి, వల్సాల్వా చేయించి కారుతోందేమో చూడండి. ఫేషియాను నీరు చొరబడనంత గట్టిగా మూయాలి. జరిగింది నోట్స్‌లో రాయాలి, పేషెంట్‌కు చెప్పాలి. ఈ చివరి రెండు మాటలు ఎగ్జామినర్ అడగకముందే మీరే చెప్పండి.

వంపు సరిచేస్తుండగా న్యూరోమానిటరింగ్ (ఆపరేషన్‌లో వెన్నుపాము సంకేతాలను గమనించడం) సిగ్నల్ పడిపోతే: పని ఆపండి, రక్తపోటు పెంచమనండి, అనస్థీషియా మందులు మారాయేమో, ఉష్ణోగ్రత, హిమోగ్లోబిన్ ఎంతో, ఎలక్ట్రోడ్ ఊడిందేమో చూడండి, చివరి సవరణను వెనక్కి తీయండి, స్క్రూలు పరిశీలించండి. వెన్నుపాము గాయంలో స్టెరాయిడ్ గురించి అడిగితే పాత డోస్ తెలిసి ఉండాలి: మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకు 30 మిల్లీగ్రాములు, తర్వాత 23 గంటలు గంటకు కిలోకు 5.4. అందరికీ ఇవ్వడం ఇప్పుడు సిఫారసు కాదని, వీలైతే 24 గంటల్లోపు ఒత్తిడి తొలగించడం మేలని ఆ వెంటనే చేర్చండి.

లాగ్‌బుక్ పక్కనే పెట్టుకుని ప్రశ్నలు వేసే ఎగ్జామినర్లు ఉంటారు. సాయం చేసిన కేసును చేసిన కేసుగా రాయవద్దు. రాసిన ప్రతి కేసుకూ లెవెల్, వైపు, స్క్రూ వ్యాసం, పొడవు, ఆ సైజు ఎందుకో చెప్పగలగాలి. చివరి 3 వారాల్లో రోజుకొక ఏషియా చార్ట్ నిజమైన పేషెంట్ మీద నింపి, సహ రెసిడెంట్‌తో విడిగా నింపించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా వచ్చిన కండరాన్ని ఆ రోజే ఇద్దరూ కలిసి మళ్లీ పరీక్షించండి.