అమరం చూడడానికి వాచ్ హిల్ దాకా

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని వెస్టర్లీ స్టేషన్ నుంచి వాచ్ హిల్ 6 మైళ్లకు మించదు. టాక్సీకి 40 డాలర్లు తీసుకున్నారు. మా నరసాపురం నుంచి హైదరాబాదుకు ఇద్దరం రైల్లో వెళ్లి రాగల డబ్బు అది. "ఒక్క పడవ కోసం అంత దూరమా నాన్నా?" అని తెల్లవారుజామున న్యూజెర్సీలోని మెట్రోపార్క్‌లో రైలెక్కిస్తూ మా అమ్మాయి అడిగిన మాట దారంతా గుర్తొస్తూనే ఉంది.

ఆ పడవ నమూనాను నేను మొదట చూసింది ఎడిసన్ దగ్గర ఒక పార్కు చెరువులో. ఒక పెద్దాయన గట్టున నిలబడి రిమోట్‌తో నడుపుతున్నారు. మహాగని రంగు, మెరిసే వార్నిష్, కారు టాపులా నునుపైన క్యాబిన్. "37 అంగుళాలు. అసలుది 74 అడుగులు, అంటే 24వ వంతు" అన్నారు. పేరు ఆఫ్రొడైటీ. అమరం, అంటే పడవ వెనకభాగం, దగ్గర చెక్క పట్టీలు చూడమని పడవను నీళ్లలోంచి తీసి నా చేతిలో పెట్టారు. అమరం గుండ్రంగా లోపలికి ఒదిగి ఉంది. ఒక్కో పట్టీని వేడినీళ్లలో నానబెట్టి వంచారట. చివరికి వచ్చేసరికి ఒక్కొక్కటీ అగ్గిపుల్లకన్నా సన్నం. ఆ వంపు ఒక్కదానికే ఒక చలికాలం పట్టిందన్నారు.

"ఇంత నెమ్మదిగా నడుపుతారేం?" అని అడిగాను. ఆయన చెప్పిన జవాబు కోసమే ఇదంతా రాస్తున్నాను. పడవను 24 రెట్లు తగ్గించవచ్చు గాని నీటిని తగ్గించలేం. అసలు పడవ గంటకు 50 కిలోమీటర్లు వెళ్తే, మోడల్ 2 కిలోమీటర్లు వెళ్తే చాలదు, 50 వెళ్లకూడదు. 24కు వర్గమూలం సుమారు 5 కాబట్టి 10 కిలోమీటర్లు వెళ్లాలి. అప్పుడే వెనక లేచే అలకు అసలు పడవ అల ఆకారం వస్తుంది. ఆయన వేగం సరిచేసి చూపించారు. అల విసనకర్రలా విచ్చుకుంది. అసలు పడవ ఎక్కడుందో అప్పుడే అడిగి తెలుసుకున్నాను.

వాచ్ హిల్ రేవులో అది కట్టేసి ఉంది. 1937లో లాంగ్ ఐలాండ్‌లోని పోర్ట్ వాషింగ్టన్‌లో పర్డీ కంపెనీవారు కోటీశ్వరుడు జాన్ హే విట్నీ కోసం కట్టారు. మాన్‌హాసెట్‌లోని ఇంటి నుంచి వాల్ స్ట్రీట్‌కు ఆయన దీన్లోనే వెళ్లేవారు. లాంగ్ ఐలాండ్ సౌండ్ అనే సముద్రపాయ దాటి, హెల్ గేట్ సుడుల మీదుగా ఈస్ట్ రివర్‌లోకి. కమ్యూటర్ యాట్ అని వీటికి పేరు. ఆఫీసుకు వెళ్లే పడవలన్నమాట. యుద్ధకాలంలో దీన్ని కోస్ట్ గార్డ్ తీసుకుంది. తర్వాత శిథిలమైతే మెయిన్ రాష్ట్రంలోని బ్రూక్లిన్ బోట్ యార్డులో బాగుచేశారు. ఆ పని 2005లో పూర్తయింది.

మా నాన్నగారూ పడవలోనే ఉద్యోగానికి వెళ్లేవారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి, నరసాపురం బడికి. ఎండాకాలంలో పంటు ఇసుక మేట తగిలి ఆగిపోతే చెప్పులు చేతబట్టుకుని దిగేవారు. పంటు మీద పేపరు చదువుకునే ఆ పావుగంటే రోజంతటిలో తనదని అనేవారు. విట్నీగారి పడవలో ఆయన సీటు ఎక్కడా అని వెతికాను. కిటికీ అద్దంలో రేవే కనిపించింది, లోపల ఏమీ కనిపించలేదు.

అందరూ ముందుభాగాన్ని ఫొటో తీసుకుంటున్నారు. నేను అమరం వైపు వెళ్లి నిలబడ్డాను. చేతిలో పట్టుకున్న వంపే అది, ఎంతో పెద్దదై నా ఎదుట ఉంది. పలకల మధ్య గీత కూడా దొరకలేదు. మధ్యాహ్నం రెండింటికి తాళ్లు విప్పారు. ఇంజను మెల్లగా గుర్రుమంది, అమరం కింద నీరు తెల్లబడింది. రేవు దాటాక వేగం పెంచితే ఆ విసనకర్ర అల లేచింది. చిన్న చెరువులో చూసినదే. గట్టిగా "అదే!" అన్నాను. పక్కనున్న చిన్నపిల్ల నావైపు తిరిగి చూసింది.

తిరుగు ప్రయాణం గురించి రాయడానికేమీ లేదు. మళ్లీ 40 డాలర్లు, మూసేసిన క్యాంటీను.

శనివారం చెరువు దగ్గర పెద్దాయనకు ఫొటోలు చూపించాను. పడవ రేవులో నిలిచి ఉన్న ఫొటోను పెద్దది చేసి, నీటి గీత దగ్గర చాలాసేపు చూశారు. "నాది వెనక కొంచెం తేలుతోంది" అన్నారు. జేబులోంచి రెండు సీసపు ముక్కలు తీసి అమరంలో పెట్టి, పడవను మళ్లీ నీళ్లలోకి దించారు.