బుడమేరు వరద నేర్పిన జాగ్రత్త

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, మేము మొదటి అంతస్తులో ఉండటం వల్ల నీరు ఇంట్లోకి రాలేదు గాని రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టరు మొదటి రాత్రికే చేతులెత్తేసింది. అమ్మ ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచి, గుడ్డ ఆరినప్పుడల్లా తడుపుతూ తెల్లవార్లూ కూర్చున్నాను.

అందుకే తరువాత 2 కేవీఏ పెట్రోలు జనరేటర్ కొన్నాము. మొన్న గాలివానకు లైను తెగినప్పుడు ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, బల్బులు దానిమీదే నడిచాయి. నీళ్ల మోటారు వేయగానే మాత్రం ఇంజను మూలిగింది. తిరగడం మొదలయ్యే క్షణంలో మోటారు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, ఇప్పుడు ఫ్రిజ్ ఆపాకే మోటారు వేస్తున్నాము.

డాబా మీద తడుస్తోందని జనరేటర్‌ను మెట్లగదిలోకి లాగబోయిన తమ్ముణ్ని గట్టిగా ఆపాను. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. జనరేటర్‌ను ఆపి, వాన తగ్గేదాకా చీకట్లోనే కూర్చున్నాము.

ఇంటి వైరింగును వీధి లైను నుంచి విడదీసి జనరేటర్‌కు కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ తీగను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టేవారిని చూస్తే నాకు భయం. ఆ కరెంటు వెనక్కి వీధి లైనులోకి వెళ్తుంది. ఆ సమయంలో లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు.