సగానికి సగం కొట్టేస్తూ లోపం పట్టుకోవడం

టేబుల్ ల్యాంప్ వెలగకపోతే చాలామంది నేరుగా కొత్త బల్బు తెచ్చేస్తారు. అనుమానం తప్పయితే డబ్బు దండగ, లోపం మాత్రం అక్కడే ఉంటుంది. ముందు, బాగా పనిచేస్తున్న ఫోన్ చార్జర్‌ను అదే సాకెట్‌లో పెట్టి చూడండి. చార్జింగ్ ఎక్కితే తప్పు ల్యాంపుదే. ఎక్కకపోతే సాకెట్టో కరెంటో చూసుకోవాలి, ల్యాంపును విప్పే తొందర లేదు. జవాబు ఎటు వచ్చినా అనుమానాల జాబితా తగ్గాలి. నా దృష్టిలో మంచి పరీక్ష అంటే అదే.

బ్రౌజర్ మొరాయిస్తోంది, అందులో 16 ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటే ఆపి చూస్తే 15 సార్లు ప్రయత్నించాల్సి రావచ్చు. 8 ఒకేసారి ఆపండి. బ్రౌజర్ దారికొస్తే దోషి వాటిలో ఉంది, లేకపోతే మిగతా 8లో. తర్వాత 4, 2, 1. నాలుగు పరీక్షల్లో తేలిపోతుంది. 1000 ఉన్నా 10 చాలు. అయితే ఒకదాని మీద గట్టి అనుమానం ఉండి, దాన్ని చూడటానికి నిమిషమే పడితే, సగాల లెక్క పక్కనపెట్టి ముందు దాన్నే చూడాలి.

ఈ పద్ధతి బోల్తాపడే చోటు ఒకటుంది: తప్పు ఏ ఒక్కదానిదీ కాక, అన్నీ కలిసినప్పుడే పుట్టేది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పడిపోతోందని ఒక్కో పరికరాన్నే విడిగా పెట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. కూడి చూడండి. 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్ల ఎంసీబీకి లెక్క 3680 వాట్లు. హీటర్ 2000, ఇండక్షన్ స్టవ్ 2000, కెటిల్ 1500 కలిపితే 5500. పడిపోయే తీరు కూడా ఆధారమే: ఇలాంటి ఓవర్‌లోడ్‌కు కాసేపు ఆగి పడుతుంది, షార్ట్ అయితే స్విచ్ వేయగానే పడుతుంది. వెంటనే పడుతుంటే పదేపదే ఎత్తకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

అప్పుడప్పుడూ వచ్చే లోపానికి ఓపిక కావాలి. సగటున 10 నిమిషాలకోసారి వచ్చేదాన్ని రెండు నిమిషాలు చూసి పోయిందనుకుంటే మోసపోతాం. ప్రతి మార్పు తర్వాతా కనీసం అరగంట చూడాలి. రెండు మార్పులు ఒకేసారి చేయకూడదు, చేస్తే బాగుపడింది దేనివల్లో తెలియదు.

దోషి దొరికిందనుకున్నాక ఆ ఎక్స్‌టెన్షన్‌ను మళ్లీ ఆన్ చేయండి. బ్రౌజర్ మళ్లీ మొరాయించాలి. మొరాయించకపోతే పట్టుకున్నది అసలు దోషిని కాకపోవచ్చు.