ఉద్దాలు చూసి వచ్చాక

కురుమూర్తి జాతర నుంచి వచ్చి ఐదు రోజులైంది. బ్యాగు ఇంకా మంచం పక్కనే ఉంది. కావలసినప్పుడు ఓ చీర, ఓ తువ్వాల అందులోంచే తీసుకుంటున్నాను కానీ, కూర్చుని సర్దాలంటే మనసు రావడం లేదు. స్కూలుకు వెళ్తున్నాను, పాఠాలు చెబుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం ఏ పని చూసినా బరువుగా అనిపిస్తోంది. ఇంటిపన్ను కట్టాలి. తడిచెత్త, పొడిచెత్త వేరు చేసి పొద్దున్నే బండికి వేయాలి. నల్లా పైపు కారుతోంది, ప్లంబర్‌ని పిలవాలి. మొన్న కొండ మీద గోవింద నామం వింటూ నిలబడ్డదాన్ని, ఇప్పుడు నల్లా పైపు దగ్గర నిలబడాలా అని దిగులేసింది.

జాతరకు ఈసారి ఉద్దాల రోజు కలిసొచ్చేలా సెలవు పెట్టాను. దేవరకద్ర దగ్గర మా చిన్నమ్మ వాళ్లింట్లో నాలుగు రోజులు ఉన్నాం. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో, ఏడు కొండల మధ్య వెలసిన స్వామి కురుమూర్తి. తిరుపతికి పోలేనివాళ్లకు మా దగ్గర ఆయనే తిరుపతి వెంకన్న. కుబేరుడి అప్పు తీర్చలేక తిరుమల విడిచి నడుచుకుంటూ వచ్చిన స్వామి ఇక్కడ ఆగాడని పెద్దవాళ్లు చెబుతారు. అప్పులు, కాలినడక, ఊరు విడిచిపోవడం, ఇవన్నీ పాలమూరుకు బాగా తెలిసిన సంగతులు. అందుకేనేమో మావాళ్లు ఆయన్ని అంత దగ్గరివాడిగా చూస్తారు.

ఉద్దాలు అంటే స్వామి పాదుకలు. దీపావళి వెళ్లాక, కార్తీకంలో జరిగే బ్రహ్మోత్సవాల్లో అందరూ ఎదురుచూసేది వాటికోసమే. వడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలవాళ్లు ఉపవాసముండి, నియమంగా తోలుతో వాటిని కుడతారు. పూజ చేసి ఊరేగింపుగా కొండకు తెస్తారు. దారి పొడవునా జనం వాటిని తలకు తాకించుకోవాలని ఎగబడతారు. స్వామి నగలు ఆత్మకూరు నుంచి వస్తాయి. ఒక ఊరు చెప్పులు తేవాలి, ఒక ఊరు నగలు తేవాలి, మరొకరు కుండ తేవాలి. ఈ ఏడు మాకు ఓపిక లేదని ఎవరైనా అన్నారా, జాతర అక్కడే ఆగిపోతుంది. తోలు కోసి, కుట్టి, దారం బిగించి చేసిన వస్తువును లక్షల మంది నెత్తిన పెట్టుకుంటున్నారు. ఆ రోజు గుంపులో తోసుకుంటూ నేనూ నెత్తి వంచాను కానీ, ఇదంతా అప్పుడు తట్టలేదు.

నిన్న రాత్రి నిద్ర పట్టక భగవద్గీత తెరిస్తే మూడో అధ్యాయంలో ఎనిమిదో శ్లోకం దగ్గర కళ్లు ఆగాయి.

నియతం కురు కర్మ త్వం కర్మ జ్యాయో హ్యకర్మణః ।
శరీరయాత్రాపి చ తే న ప్రసిద్ధ్యేదకర్మణః ॥

నీకు ఏర్పడిన పని నువ్వు చెయ్యి, పని మానడం కంటే చేయడమే మేలు, పని లేకపోతే నీ శరీరయాత్ర కూడా సాగదు అంటున్నాడు కృష్ణుడు. ఎన్నిసార్లు చదివానో ఈ శ్లోకం. శరీరయాత్ర అనే మాట మీద ఎప్పుడూ నిలవలేదు. శంకరులు భాష్యంలో దానికి శరీరస్థితి అని అర్థం చెప్పారు. తిని, ఉండి, బతుకు నిలబెట్టుకోవడం. దానికి కృష్ణుడు వాడిన మాట మాత్రం యాత్ర. మనం కొండకు పోతే యాత్ర అంటాం, ఇంటికొస్తే యాత్ర అయిపోయిందంటాం. ఆయన బియ్యం కడగడాన్నీ, నీళ్లు పట్టడాన్నీ, పొద్దున్నే డ్యూటీకి పోవడాన్నీ కలిపి యాత్ర అన్నాడు! అంటే నేను వదిలి వచ్చింది ఏదీ లేదు. పుస్తకం మూయకుండా చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.

అప్పుడు నాయన గుర్తొచ్చాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేశాడు. నా చిన్నప్పుడు జాతర రోజుల్లో ఆయన ఇంట్లో ఉన్నది లేదు. స్పెషల్ బస్సులు నడపాలి కదా. అందరి నాయనలూ పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని జాతరకు తీసుకుపోతుంటే, మా నాయన కొండ కింద బస్సులో కూర్చుని మంది ఎక్కేదాకా చూస్తుండేవాడు. "నువ్వు దర్శనానికి రావా?" అని ఏడిస్తే ఒకసారి అన్నాడు: "దేవుడు ఈడనే ఉన్నడు బిడ్డా. బండి కదలకపోతే మంది ఎట్ల పోతరు?" కొండ వైపు చూసి చేతులు జోడించి గేరు వేశాడు. నియతం కురు కర్మ త్వం అని ఆయనకెవరూ చెప్పలేదు.

మరొకటి కూడా చెప్పాలి. నాలుగు రోజులు సెలవు గడిపి సొంతింటికి వచ్చి నేను దిగులు పడుతున్నాను. జాతర చూసుకుని, ముసలివాళ్ల దగ్గర పిల్లల్ని వదిలి ముంబై బస్సెక్కేవాళ్లు మా వైపు ఎందరో. మా చిన్నమ్మ పక్కింటి దంపతులు అట్లాగే పోయారు. ఆవిడ పసుపు, కుంకుమ పొట్లం కొంగున ముడేసుకుని బస్సెక్కింది. వాళ్ల శరీరయాత్ర ముందు నాది ఎంత?

ఇవాళ సెలవు. పొద్దున్నే ప్లంబర్ వచ్చాడు, పైపు మార్చాడు. ఇంటిపన్ను ఫోన్లోనే కట్టేశాను. మిగిలింది రెండేళ్లుగా వాయిదా వేస్తున్న పని. చివరి రోజుల్లో నాయన మా దగ్గరే ఉన్నాడు, ఓటు ఇక్కడికే మార్పించుకున్నాడు. ఆయన పోయాక ఆ పేరు ఓటర్ల జాబితాలో అట్లాగే ఉండిపోయింది. తీసేయించాలంటే ఫారం 7 నింపి ఇవ్వాలి. ఓటర్ల జాబితా పని చూసే బీఎల్వో మేడం రెండుసార్లు వచ్చి అడిగారు. ఇస్తానన్నాను, ఇవ్వలేదు. కాగితం మీదనైనా ఉండనీ అనిపించేది. లేని మనిషి పేరు మీద ఓటు ఉండకూడదని, అది ఊరందరికీ సంబంధించిన లెక్క అని తెలిసీ చేయి రాలేదు. డ్యూటీ రోజు దర్శనానికి కూడా బండి దిగని మనిషి, తన పేరు తప్పుగా ఉంటే ఒప్పుకుంటాడా?

ఫారం నింపి, మరణ ధ్రువపత్రం జిరాక్స్ జతచేసి అమ్మకు చూపించాను. "పేరు తీసేస్తరా?" అంది. తీసేస్తారని చెప్పాను. నాయన పేరు రాసిన గడి మీద చేయి పెట్టి కాసేపు ఉంచింది. తర్వాత లేచి, మంచం పక్కనున్న బ్యాగులోంచి మాసిన బట్టలు తీసి బకెట్‌లో నానబెట్టింది.