గురి యొద్దకే

"ఆగు నాయనా, ఆ మాట మళ్లీ చదువు."

బైబిల్లో, క్రీస్తు బోధకుడు పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం. 3వ అధ్యాయం, 14వ వచనం. "గురి యొద్దకే పరుగెత్తుచున్నాను" అన్నచోట పెద్దమ్మ నన్ను ఆపారు. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ. మంచం దిగి చాలా కాలమైంది.

మళ్లీ చదివాను. దుప్పటి కింద ఆవిడ పాదాలు మెల్లగా కదిలాయి, అడుగులు వేస్తున్నట్టు.

"నేనింకా పరుగులోనే ఉన్నాను" అన్నారు.

నాకు గొంతు పెగల్లేదు.

ఏడాదిగా నా ప్రార్థన ఒకటే. ప్రభువా, నన్ను దేనికోసం పిలిచావు? అడిగింది పిలుపు గురించే, కానీ మనసులో కోరుకున్నది మాత్రం నలుగురికీ కనిపించే పెద్ద పరిచర్య. ఆ పత్రికను పౌలు బంధకాల్లో ఉండి రాశాడని ఎన్ని ప్రసంగాల్లో విన్నానో! అయినా పరుగు అనగానే నా కళ్లముందు విశాలమైన దారే మెదిలేది. సంకెళ్లలో ఉన్న మనిషి ఎటు పరుగెత్తాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పైగా తాను ఇంకా సంపూర్ణుడిని కాలేదని 12వ వచనంలో ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మాట ఈరోజు నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను.

లేచి వస్తుంటే దిండు కింద నుంచి ఒక చీటీ తీసి చూపించారు. అన్నీ పేర్లే. రోజూ తెల్లవారుజామున ఒక్కొక్కరి కోసం ప్రార్థిస్తారట. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ కాగితంలో నా పేరు మూడోది.

ఎప్పటి నుంచి అని అడగలేకపోయాను.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక 4వ అధ్యాయం చదివి వినిపించాలి. ఈ రాత్రి నేనూ ఒక చీటీ రాసుకుంటున్నాను. మొదటి పేరు పెద్దమ్మదే.