జీఆర్ఈ పదాలు: తెలిసిన మాటల దగ్గరే జాగ్రత్త

తిరుపతిలో జీఆర్ఈకి, అంటే విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే పరీక్షకి, చదివేవాళ్లు చాలామంది పెద్ద పదాల పట్టిక తీసుకుని, ఒక్కో పదానికి ఒక్కో తెలుగు అర్థం రాసుకుని బట్టీ పడతారు. పరీక్షలో తప్పులు చేసేది అందుకే.

‘శాంక్షన్’ చూడండి. బ్యాంకులో లోన్ శాంక్షన్ అయిందంటాం కాబట్టి ‘మంజూరు’ అని రాసేసుకుంటాం. ఆ మాటకే ఆంక్ష, శిక్ష అనే అర్థమూ ఉంది. ‘క్వాలిఫై’ అంటే అర్హత సాధించడమే కాదు, అన్న మాటకు షరతు పెట్టి కాస్త తగ్గించడం కూడా. ‘క్వాలిఫైడ్ ప్రెయిజ్’ అంటే నిండు మెప్పు కాదు, ‘బాగుంది, కానీ...’ అనే రకం. ఇలాంటి పదాన్ని ఒక చిన్న కార్డు మీద రాసుకుని, దాని వెనక రెండు అర్థాలూ, ఒక్కోదానికి ఒక పూర్తి ఇంగ్లిష్ వాక్యమూ రాయాలి.

రోజుకు 15 కొత్త పదాలు చాలు. వాటిని 1, 3, 7, 15 రోజులకు తిరగేయాలి. చిత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్లు పాత కార్డులు దారిలోనే చూసుకోవచ్చు.

సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో (జీఆర్ఈలో ఒక రకం ప్రశ్న) ఖాళీ ఉన్న వాక్యానికి ఒకే అర్థం వచ్చేలా 6 పదాల్లో 2 ఎంచాలి, ఒకటే సరైతే మార్కు రాదు. పర్యాయపదాల జంట కనబడగానే పెట్టేయొద్దు, వాక్యానికి అతకని జంటలూ ఇస్తారు. ముందు ఖాళీలో మీ సొంత మాట, తెలుగైనా సరే, పెట్టుకుని తర్వాతే ఆప్షన్లు చూడండి.